గంగులప్ప వద్దన్న బ్లాకు

గంగులప్పకు నొప్పి అంటే ఏమిటో తెలియదు. ఈ సంగతి మదనపల్లె టమోటా మండీలో అందరికీ తెలుసు, ఎందుకంటే గంగులప్పే అందరికీ చెప్పాడు. వినకుండా ఎవరైనా మిగిలిపోయారేమోనని మళ్లీ మళ్లీ చెప్పాడు.

చిన్నప్పుడు సోమల దగ్గర శెనక్కాయ చేలో తేలు కుట్టిందట. కుట్టినచోట గోక్కుని గంగులప్ప పనిలో పడ్డాడట. తేలు మాత్రం గట్టు కింద పడి సాయంత్రం దాకా మూలిగిందట. పుంగనూరు పొట్టి ఆవు ఎగిరి తంతే ఆవు కాలికే పసుపు కట్టు కట్టాల్సి వచ్చిందట. టమోటా లారీ చక్రం పాదం మీదికి ఎక్కితే డ్రైవరు దిగి వచ్చి ముందు చక్రంలో గాలి చూసుకున్నాడట. పన్ను పీకించుకునేటప్పుడు మొద్దుబారే సూది వద్దని, డాక్టరు పీకుతూ ఉంటే తను సెల్‌ఫోన్లో టమోటా రేటు మాట్లాడాడట. నోట్లో పటకారు పెట్టుకుని రేటు ఎలా మాట్లాడావని అడిగే తెలివైనవాడు మండీలో ఒక్కడూ లేకపోయాడు, లేదా ఉన్నవాడికి పని ఉండింది. ఆ పంటికి రెండు సూదులు పొడిపించుకుని, మూడోది కావాలని కుర్చీ చేతులు పట్టుకున్న సంగతి భార్య సిద్దమ్మకు తెలుసు. ఆమె చెప్పలేదు. ఇంట్లో ఉన్నదాన్ని ఇంట్లోనే వెటకారం చేసుకుంటే చాలని ఆమె పద్ధతి.

అతని బతుకులో ఉత్త కోతలు కానిది ఒక్కటే, గొంతు. గంగులప్ప మండీలో వేలం పాడేవాడు. క్రేట్ల వరస పక్కన నిలబడి అంకె ఎత్తుకుంటే చుట్టూ మూగిన వ్యాపారులు మాట్లాడుకోవడం మానేసేవాళ్లు, మాట్లాడినా వినపడదు గనుక. మదనపల్లెలో అతను పాట ఎత్తుకుంటే బి.కొత్తకోట స్టాండులో ఆగిన బస్సు డ్రైవరు, కండక్టరు రైట్ అన్నాడేమోనని బండి కదిలించేవాడని చెప్పుకునేవాళ్లు. చెప్పుకునేవాళ్లెవరని అడగకూడదు.

ఆ పని అతనికి దక్కిన తీరు కూడా గొంతు పుణ్యమే. బడికి పోయిన రోజులకంటే బడి గోడ దూకిన రోజులు ఎక్కువై, మండీకి వచ్చి క్రేట్లు మోసేవాడు. ఒకరోజు పాట పాడే ఆయనకు జలుబు చేసి గొంతు పడిపోయింది. తలమీది క్రేటు దించి గంగులప్ప అందుకున్నాడు. జలుబు తగ్గి వచ్చిన ఆయనకు పాట మళ్లీ దక్కలేదు. ఆయన ఆ తరువాత మండీ గేటు ముందర బజ్జీలు వేశాడు. వేలంలో గొంతు పోయినవాడికి సెలవు ఇవ్వరు, ఇంకొకణ్ణి నిలబెడతారు. ఆ సంగతి గంగులప్పకంటే బాగా ఎవరికి తెలుసు, ఆ ఇంకొకడు తనే గదా.

పాటకు అతని సూత్రం ఒకటుండేది. అంకె ఎప్పుడూ కిందినుంచి ఎత్తుకోవాలి. మొదటే పెద్దది చెబితే పాట చచ్చిపోతుంది. ఈ సూత్రాన్ని మండీలో వదిలి రాకుండా ఇంటికి కూడా మోసుకొచ్చాడు. ఇడ్లీలు ఎన్ని కావాలంటే ఒకటి అనేవాడు. సిద్దమ్మ "ఒగటేనా?" అనాలి, అతను రెండు అనాలి, అలా పళ్లెం నిండేదాకా పాట నడవాలి. పెళ్లయిన కొత్తలో ఆమె ఒకటే పెట్టి లోపలికి పోయింది. ఆ పూట గంగులప్ప పస్తున్నాడు గానీ రెండు అనలేదు.

అలాంటి మనిషికి ఒక పొద్దున పాట మధ్యలో అంకె గొంతులో ఆగిపోయింది. ఎద మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. చొక్కా తడిసిపోయింది. క్రేటు మీద కూలబడి "ఎండ," అన్నాడు. అప్పటికి ఎండ ఇంకా రాలేదు. ఆసుపత్రిలో పరీక్షలు చేసి గుండె రక్తనాళాల్లో మూడు బ్లాకులున్నాయని, ఎద తెరిచి ఆపరేషన్ చేయాలని, కుప్పంలో చేస్తారని చెప్పారు.

ఆ సాయంత్రానికి అతని ఊరు పుంగనూరు మొత్తం వైద్య కళాశాల అయిపోయింది. టీ బంకు దగ్గర బీడీ కాల్చే ప్రతివాడూ గుండె డాక్టరే. ఒకడు వెల్లుల్లి అన్నాడు, ఒకడు ఆపరేషన్ లేకుండా కరిగించే మనిషి తమిళనాడులో ఉన్నాడన్నాడు, ఒకడు తన మామకు నాలుగు బ్లాకులని గొప్పగా చెప్పుకున్నాడు. మూడే అని చెప్పడానికి గంగులప్పకు చిన్నతనంగా అనిపించి, "మూడు, కానీ పెద్దవి," అన్నాడు.

అందరికంటే పెద్ద డాక్టరు బామ్మర్ది ముద్దుకృష్ణ. సిద్దమ్మకు తమ్ముడు. ఒకప్పుడు పలమనేరులో మందుల షాపులో కొన్నాళ్లు పొట్లాలు కట్టాడు. ఆ షాపువాళ్లు పొమ్మన్న తరువాత అతని వైద్యం బాగా పెరిగింది. బావకు తోడుగా కుప్పం వస్తానని అతనే బయల్దేరాడు. వి.కోట దాటేదాకా బస్సులో ఉన్నవాళ్లందరికీ బైపాస్ ఎలా చేస్తారో చేతులతో చూపించాడు. కిటికీ పక్క కూర్చున్న ముసలామెకు వాంతి అయింది.

ఆపరేషన్‌కు ముందురోజు మత్తు డాక్టరు మాలతి మంచం దగ్గరికి వచ్చింది. చిన్న వయసు, మెత్తటి మాట. స్టూలు లాక్కుని కూర్చుంది. అదే గంగులప్పకు నచ్చలేదు. నిలబడి, తొందరలో ఉండి, సగం మాట చెప్పి పోయేవాళ్లే అసలు డాక్టర్లని అతని లెక్క. సిద్దమ్మ వేడినీళ్లకు కిందికి పోయి ఉంది. ముద్దుకృష్ణ మాత్రం తలవైపు నిలబడి, తోటి డాక్టరులాగా తల ఊపుతున్నాడు.

"గంగులప్పగారూ, రేపు రొమ్ము ఎముకను నిలువునా కోసి గుండె దగ్గరికి పోతారు. కాల్లోంచి తీసిన రక్తనాళాన్ని అక్కడ అతికి, పని అయ్యాక ఎముకను స్టీలు తీగతో బిగిస్తారు. మెలకువ వచ్చాక ఆ చోట నొప్పి గట్టిగా ఉంటుంది. నొప్పికి భయపడి మీరు గాలి నిండుగా పీల్చలేరు, దగ్గలేరు. దగ్గకపోతే కళ్లె ఊపిరితిత్తుల్లో నిలబడిపోతుంది. అందుకని మత్తులో ఉండగానే ఎదకు రెండు పక్కలా బ్లాక్ వేస్తాను."

ముందు చెప్పిందంతా ఒక చెవిలో దూరి ఇంకో చెవిలోంచి వెళ్లిపోయింది. చివరి మాట మాత్రం మేకులాగా దిగింది.

"ఏమేస్తావమ్మా?"

"బ్లాక్. రెండు పక్కలా."

గంగులప్ప లెక్క కట్టాడు. ఉన్నవి మూడు. అవి తీస్తే సున్నా. ఈమె కొత్తవి రెండు వేస్తే రెండు. ఇంత దూరం వచ్చి, ఎద చీల్పించుకుని, మిగిలే లాభం ఒక్క బ్లాకు. తలెత్తి బామ్మర్దిని చూశాడు. ముద్దుకృష్ణ వంగి చెవిలో ఊదాడు.

"బావా, బోరు మోటారు బాగుజేసేకొచ్చినోడు ఏం సేస్తాడు? ఒగటి బిగిచ్చి ఇంగోటి వదులు సేసి పోతాడు. మళ్లా పిలస్తారని."

"అదే గదరా నేనూ అనుకుంటాండేది."

ఆ మాట డాక్టరమ్మను అడిగి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. అడిగితే తనకు తెలియదని తెలిసిపోతుంది. అందుకని గంగులప్ప అడగలేదు. గొంతు సవరించుకుని, వార్డు చివరిదాకా వినపడేటట్టు మొదలుపెట్టాడు.

"నాకు ఆ బ్లాకు గీకు వద్దమ్మా. నొప్పనేది నా వొంటికి తెలీదు. సోమల్లో నాకు తేలు కుట్టినప్పుడు..."

మాలతి తేలు కథ మొత్తం విన్నది. "తేలు వేరండీ," అంది. "ఇది ఎముక కోయడం."

"ఆ తేలు ఎంతుండిందో నువ్వు సూళ్లేదు గదా."

"సూదంటే భయమా?"

అడగకూడని మాట అదే. పక్క మంచాల మీద తలలు ఇటు తిరిగాయి.

"భయమా? నాకా?" అన్నాడు గంగులప్ప. "ఎద మొత్తం కోసుకోమంటాండా గదమ్మా, సూదికి భయమా?"

"వద్దంటే వేయను. మీ ఒళ్లు, మీ ఇష్టం. తరువాతైనా కావాలంటే అడగండి," అని మాలతి లేచింది. సిద్దమ్మ వేడినీళ్లతో పైకి వచ్చేసరికి బావా బామ్మర్దులు ఇద్దరూ పెద్ద మోసం తప్పించుకున్నవాళ్లలాగా ముసిముసిగా నవ్వుకుంటున్నారు. ఏమిటని అడిగితే నొప్పి మందేదో వద్దన్నానని గంగులప్ప చెప్పాడు. "నీకు నొప్పి తెలీదు గదా పాపం," అని ఆమె ఫ్లాస్కు మూత బిగించింది.

ఆపరేషన్ బాగా జరిగింది. మెలకువ వచ్చింది. గొంతులోని గొట్టం తీశారు. అప్పుడు గంగులప్పకు నొప్పి తెలిసింది.

మండీలోని క్రేట్లన్నీ తెచ్చి ఎద మీద పేర్చి, వాటి మీద లారీ నిలబెట్టి, డ్రైవరు టీకి పోయినట్టుంది. గాలి పీలిస్తే లారీ ఒరుగుతుంది. కదిలితే క్రేట్లు గుచ్చుకుంటాయి. గొంతులో గరగర వస్తే, దగ్గు వస్తుందేమోనని ప్రాణం బిగబట్టుకుని కూర్చోవాలి. నిలువునా కోసిన ఎముకలో ఎవరో రంపం మరిచిపోయి పోయారని, ఆ సంగతి ఇప్పుడు చెబితే పరువు తక్కువని అనుకున్నాడు.

నర్సు అమరావతి వచ్చింది. వి.కోట మనిషి. "అప్పా, నొప్పి ఎంతుండాది? సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే తట్టుకోలేనంత. ఎంతో అంకె సెప్పు."

అంకె. ఇన్నాళ్ల తరువాత ఒక మనిషి గంగులప్పను అంకె అడిగింది. ఒళ్లు పచ్చిపుండైనా నోటికి పని గుర్తుంది. పాట కిందినుంచి ఎత్తుకోవాలి.

"సున్నా," అన్నాడు.

"మరి కండ్లల్లో ఆ నీళ్లేంది?"

"ఏసీ పడదు."

అతను ఆగాడు. ఆమె "సున్నానేనా?" అంటుందని, తను ఒకటి అంటానని, అలా మెల్లగా ఏడెనిమిది దగ్గర తేలుదామని ఎదురు చూశాడు. అమరావతికి మండీ పద్ధతి ఏం తెలుసు? "మొగం జూస్తే ఎనిమిదుండాది, నోరు జూస్తే సున్నా ఉండాది. ఏదప్పా నేను నమ్మేది?" అని అడిగింది. అంకె పైకి పాడాల్సిన మనిషి తనను ముఖం గురించి అడిగేసరికి గంగులప్పకు ఒళ్లు మండి, "నోరే," అన్నాడు.

అయినా వాళ్లు ముఖాన్ని కూడా నమ్మి, నరం సూదిలో మందు ఎక్కించారు. గట్టి మందు ఇస్తే మగతగా పడిపోయి, లేచి వాంతి చేసుకున్నాడు. ఎద కోయించుకున్నవాడు వాంతి చేసుకోవడం అంటే ఏమిటో అతనికి ఆ పూట అర్థమైంది. ఇంకా ఎక్కువిస్తే ఊపిరే మందగిస్తుందని తగ్గించారు.

చేతికి ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చారు. దానిలో మూడు బంతులు. పైపు నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేవాలి. మొదట గంగులప్ప ఊదాడు. ఊదేది కాదని చెప్పారు. పీల్చాడు. మదనపల్లె నుంచి బి.కొత్తకోట బస్సును కదిలించిన ఊపిరి పిడికెడు బంతిని కదిలించలేకపోయింది.

పక్క మంచం మీది వెంకటస్వామి రెండు బంతులు లేపి మూడోదానితో ఆటలాడుతున్నాడు. అతనిదీ అదే ఆపరేషన్. గంగులప్ప కంటే పెద్దవాడు, పుల్లలాంటి మనిషి.

"నాకు రొండు పక్కలా బ్లాకేసినారప్పా," అన్నాడు తృప్తిగా. "సల్లగా ఉండాది. దగ్గినా ఏం తెలీలేదు."

గంగులప్పకు జాలి కలిగింది. పిచ్చి ముసలాయన, ఇంటికి రెండు కొత్త బ్లాకులు మోసుకుపోతున్నాడు. ఎవరూ చెప్పేవాళ్లు లేకపోయారు.

మర్నాటికి ఊపిరిలో బుడబుడ శబ్దం వచ్చింది. వేలికి తగిలించిన క్లిప్పు చూపించే అంకె దిగిపోతుంటే ముక్కుకు పెట్టిన గాలి పెంచారు. మాలతి ఎక్స్‌రే ఫిలిం ఎత్తి వెలుతురులో చూసింది. సిద్దమ్మను లోపలికి పిలిపించింది.

"ఊపిరితిత్తుల కింది భాగం మూసుకుపోతోందమ్మా. ఈయన దగ్గడం లేదు. కళ్లె అక్కడే కూర్చుంది. ఈ రోజు దగ్గి బయటికి తీయకపోతే మళ్లీ గొంతులో గొట్టం వేసి మిషన్ మీద పెట్టాల్సి వస్తుంది."

"గొంతులోనా?" అన్నాడు గంగులప్ప.

"గొంతులోనే."

"మాట?"

"గొట్టం ఉన్నంతసేపూ మాట రాదు. ఎన్నాళ్లుంటుందో ఇప్పుడే చెప్పలేను. ఎక్కువ రోజులుంటే కొంతమందికి గొంతు బొంగురుపోతుంది. చాలామందికి తిరిగొస్తుందిలెండి."

చాలామందికి అనే మాట గంగులప్పకు పట్టలేదు. మండీ గేటు ముందర బజ్జీలు వేసుకునే ఆయన కళ్ల ముందు నిలబడ్డాడు. తన క్రేట్ల పక్కన ఎవడు నిలబడి ఉంటాడో కూడా కనపడింది. ఇన్నాళ్లుగా వాడు పాడుతూనే ఉంటాడు.

"దగ్గు యోవ్," అంది సిద్దమ్మ. దిండు తీసి అతని ఎదకు అదిమి పెట్టింది.

గంగులప్ప దగ్గాడు. పిల్లికూన తుమ్మినట్టుంది. అంతలోనే ముఖం బూడిద రంగు తిరిగి, దిండు మీద తల వాల్చేశాడు.

"నొప్పికి మీ దగ్గర ఇంగేమీ లేదామ్మా?" అని సిద్దమ్మ డాక్టరును అడిగింది.

"ఉంది. ముందే వేస్తానన్నాను, ఆయనే వద్దన్నారు. బ్లాక్."

సిద్దమ్మ చేయి దిండు మీద ఆగిపోయింది. "బ్లాకా? గుండెకాయలో ఉండే బ్లాకా?"

మాలతి ఆమెను చూసింది, గంగులప్పను చూసింది. తేలు కథ మొత్తం కూర్చుని విన్నది గానీ, ఆ తేలు వెనక ఏముందో ఆమెకు ఇప్పుడే అర్థమైంది.

"కాదమ్మా. గుండెలోది రక్తం పోయే దారికి అడ్డం. నేను వేసేది నొప్పిని మోసుకుపోయే నరానికి అడ్డం. పన్ను పీకే ముందు చిగుళ్లకు మొద్దుబారే సూది వేస్తారు చూడండి, అలాంటిదే. స్కాన్ మిషన్లో చూసుకుంటూ రొమ్ము ఎముకకు అటూ ఇటూ కండరాల మధ్య మందు వదులుతాను. గుండెను తాకదు. ఒక పూటో, ఒక రోజో పని చేసి దానంతట అదే పోతుంది."

"రొండిటికీ ఒగే పేరు పెట్టుకున్నారా? ఇంత సదువు సదివి ఇంగో మాట దొరకలేదా మీకు?"

"దొరకలేదమ్మా," అని మాలతి ఒప్పుకుంది.

సిద్దమ్మ మొగుడివైపు తిరిగింది. గంగులప్ప కళ్లు మూసుకున్నాడు.

"నిద్రబోతాండావా? లే. ఇంగో రొండు బ్లాకులు పెడతారనుకుంటివా?"

"ముద్దుకిష్టుడు..."

"వాడు పలమనేరులో పొట్లాలు కట్నోడు. పొట్లం గూడా సరింగా కట్టలేదని తరిమినారు. వాని మాట ఇని, మందు లేకుండా ఎద కోపిచ్చుకుంటివా? నోరుండాది గదా, ఊరంతా ఇనేంత నోరు. ఒక్క మాట ఆయమ్మను అడగల్యా?"

పక్క మంచం మీద బంతుల డబ్బా శబ్దం ఆగిపోయింది. వెంకటస్వామి శ్రద్ధగా వింటున్నాడు.

"ఇప్పుడైనా వేస్తాను," అంది మాలతి. "వద్దన్నది ఆయనే కాబట్టి కావాలని ఆయనే చెప్పాలి. ఎంత నొప్పిగా ఉంది, వేయించుకుంటారా లేదా, రెండు మాటలు."

అమరావతి అలవాటుగా అడిగింది. "సున్నా నుంచి పదికి ఎంతప్పా?"

గంగులప్ప వార్డంతా చూశాడు. ప్రతి మంచానికీ తేలు కథ తెలుసు. పెదవులు తడుపుకున్నాడు.

"ఒగటి," అన్నాడు.

మాలతి నిట్టూర్చింది. అమరావతి తల అడ్డంగా ఊపింది. సిద్దమ్మ మాత్రం అతని ముఖం చూస్తూ ఉండిపోయింది. ఆమె పెళ్లయినప్పటినుంచి మండీలో కాయలు ఏరింది. చేతులు మంచి కాయ, దెబ్బ తిన్న కాయ వేరు చేస్తూ ఉంటే చెవులు ఆ గొంతునే విన్నాయి. ఒకటి దగ్గర ఆగి, కళ్లు ఇటూ అటూ తిప్పుతూ ఉన్న ఆ చూపు ఆమెకు తెలుసు. ఎవరైనా పైకి పాడతారా అని వెదికే చూపు అది. ఇడ్లీ పళ్లెం ముందు కూడా అదే చూపు.

ఆమె మంచం కమ్మీ పట్టుకుని వంగింది. గొంతు తగ్గించి, మండీలో అతను పాడే రాగంలోనే ఎత్తుకుంది.

"ఒగటి, ఒగటి, ఒగటే పాట. రంపం పెట్టి కోసిన ఎద, తీగతో బిగిచ్చిన ఎద, ఒగటికి పోతాండాది. ఒగటేనా యోవ్?"

అమరావతి నోరు తెరిచింది. మాలతి ఆమె చేయి పట్టుకుని ఆపింది.

గంగులప్ప అందుకున్నాడు. "రొండు."

"రొండు, రొండు. కాల్లో నరం గూడా పీకినారు, దాన్తో కలిపి రొండేనా?"

"మూడు."

"మూడుమూడుమూడు..."

"అట్ల గాదు మే," అన్నాడు అతను ఊపిరి ఎగబీలుస్తూ. అంత నొప్పిలోనూ ఆమె పాట అతనికి తేలు కుట్టినట్టుంది. "అంకె సాగదీయాల. తొందరపడితే కొనేటోడు వెనక్కి పోతాడు."

"నాకు నేర్పిచ్చొద్దు. నువ్వు పాడు. మూ...డు. రాత్రంతా మూలిగిందెవురు? మూడుకి మూలగతారా?"

"ఐదు."

"ఐదు. పక్క మంచం పెద్దాయన బంతులాడతాండాడు, ఈడ మొగోడు గాలి పీల్చలేకుండా ఉండాడు, ఐదు."

"ఏడు," అన్నాడు గంగులప్ప. చెంపల మీదికి నీళ్లు దిగాయి, తుడుచుకోలేదు. తుడుచుకోవాలంటే చేయి ఎత్తాలి.

సిద్దమ్మ అరచేయి పైకెత్తింది, పాట కొట్టేసేటప్పుడు అతను ఎత్తినట్టే. "ఏడు, ఒగటోతూరి. ఏడు, రొండోతూరి. కొట్టేస్తాండా సూడు. ఏడుకి కొట్టేస్తే గొట్టమే. నువ్వీడ గొట్టం పెట్టుకుని పండుకో, ఆడ ఇంగొకడు పాడుకుంటాడు. మూడో..."

"పది," అన్నాడు గంగులప్ప. "పది మే. పదికి పైన ఉంటే అది గూడా. తట్టుకోలేకుండా ఉండా. ఆ సూది ఏయమని సెప్పు."

వార్డు పైకప్పు కూలలేదు. ఎవరూ నవ్వలేదు కూడా. ఇంత పెద్ద ప్రకటనకు ఏమీ కాకపోవడం గంగులప్పకు కొంచెం అవమానంగానే తోచింది. వెంకటస్వామి మళ్లీ డబ్బా నోట్లో పెట్టుకున్నాడు.

చక్రాల బల్ల మీద స్కాన్ మిషన్ తెచ్చారు. ఎద మీద చల్లటి జిగురు రాసి, మాలతి చిన్న దువ్వెనలాంటి దాన్ని రొమ్ము ఎముక పక్కన ఆనించింది. తెర మీద బూడిద రంగు చారలు కనపడ్డాయి. గంగులప్ప వాటిల్లో బ్లాకు ఎక్కడుందో అనుమానంగా వెదికాడు. సూది దిగింది, చీమ కుట్టినంత. తెర మీద రెండు చారల మధ్య నల్లటి గీత మెల్లగా వెడల్పయింది, గట్టు కింద నుంచి మడిలోకి నీళ్లు పారినట్టు. అటు పక్క, తరువాత ఇటు పక్క.

కాసేపటికి లారీ కదిలింది. ఆ తరువాత క్రేట్లు పైనుంచి ఒక్కొక్కటే దించినట్టు బరువు తగ్గుతూ వచ్చింది. మాలతి స్పిరిట్ తడిపిన దూది ఎముక పక్కన తాకించింది.

"చల్లగా ఉందా?"

"ఎప్పుడు తాకిస్తావమ్మా?"

"తాకించాను," అంది మాలతి. "దగ్గండి."

సిద్దమ్మ దిండు ఇచ్చింది. గంగులప్ప దాన్ని రెండు చేతులా ఎదకు హత్తుకున్నాడు. భయంభయంగా గాలి పీల్చాడు. ఎక్కడో లోతున బరువుగా లాగింది గానీ రంపం లేదు. ఇంకా పీల్చాడు. అప్పుడు దగ్గాడు. ఈసారి పిల్లికూన కాదు. వార్డు చివర మందుల బల్ల దగ్గర ఉన్న నర్సు వెనక్కి తిరిగి చూసింది. సిద్దమ్మ పట్టుకున్న గిన్నెలో చిక్కటి కళ్లె పడింది. మళ్లీ దగ్గాడు, మళ్లీ. మాలతి వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని, ఇలాగే సాయంత్రం దాకా దగ్గుతూ ఉండాలని చెప్పింది. సాయంత్రానికి క్లిప్పు చూపించే అంకె పైకెక్కింది. ముక్కుకు పెట్టిన గాలి తగ్గించారు. గొంతులో గొట్టం మాట ఇక ఎవరూ ఎత్తలేదు.

చూడ్డానికి వచ్చేవాళ్లను వదిలే వేళకు ముద్దుకృష్ణ వచ్చాడు. బయట అందరూ అనుకుంటుంటే విన్నాడట. మంచం దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, రహస్యంగా అన్నాడు.

"బ్లాకేసినారంట గదా బావా. మోసపోతిమే. అక్క ఎట్ల ఒప్పుకునింది?"

గంగులప్ప చాలాసేపు అతన్ని చూశాడు. వాళ్ల అక్క కూడా అలాంటి చూపే చూసింది గానీ ఆమెకు అది రోజూ అలవాటు.

"ఎద మింద ఏం నొప్పి లేదు," అన్నాడు గంగులప్ప. గొంతు కొంచెం గీరుకుపోయి ఉంది గానీ గట్టిగానే ఉంది. "కాల్లో ఉండాది. నరం తీసిన సోట. బాగా మంట."

"నీకా? నొప్పా?" అన్నాడు ముద్దుకృష్ణ.

"నాకే. ఆరు, ఏడుంటాది. పోయి ఆ మాలతమ్మను అడుగు, కాలికి గూడా బ్లాకుంటాదేమో."

ముద్దుకృష్ణ అక్క వంక చూశాడు. ఆమె గిన్నె కడగడానికి లేచింది. అతను డాక్టరమ్మను అడగడానికి పోయాడు.